రేనాటి వాక్యానికి వ్యాఖ్యానం: నంద్యాల, ఆళ్లగడ్డ సీమ సాహిత్య బంధాలు

మన పెద్దలు పద్యం చెప్పేటప్పుడు ముందు పద్యం చదివేవారు, తరువాత ఒక్కో పదం విప్పేవారు, చివర తాత్పర్యం చెప్పేవారు. ఒక సీమను చదవడానికీ ఆ పద్ధతి పనికొస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ పేర్లు వినగానే బయటి జిల్లాల వారికి ముందుగా గుర్తొచ్చేవి ఫ్యాక్షన్ కక్షలు, సినిమాల్లో లేచే దుమ్ము. తెలుగు సాహిత్యానికి ఆ నేల ఇచ్చినదేమిటని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. అందుకే జవాబును ఒక వాక్యంగా కూర్చాను. పదం పదంగా దాన్ని వివరించడమే ఈ వ్యాసం పని.

వాక్యం

నల్లమల నీడన, కుందూ ఒడ్డున, రేనాటి రేగడిలో, ఆళ్లగడ్డ దాటి అహోబలేశ్వరుని సన్నిధిలో కవులు పాడారు, నంద్యాల ప్రభువుకు కానాల సూరన కళాపూర్ణోదయం చెప్పాడు, జనం నరసింహారెడ్డి పాట కట్టుకున్నారు, ఈ నేలకు రాయలసీమ అన్న పేరు నంద్యాలలోనే పెట్టారు.

నల్లమల నీడన

నంద్యాలలో ఎక్కడ నిలబడి తూర్పుకు చూసినా కనిపించేది నల్లమల. ఈ కొండల వరుసను మనవాళ్లు పడుకున్న ఆదిశేషుడిగా ఊహించారు. పడగ తిరుమల, నడుము అహోబలం, తోక శ్రీశైలం. మూడు గొప్ప క్షేత్రాలను ఒకే శరీరంగా చూసిన ఊహ అది. కొండ దిగువన మహానంది. అక్కడి కోనేటిలో అడుగున పడిన నాణెం కూడా కనిపించేటంత తేటగా నీళ్లు ఊరుతాయి. గుడి దాటి బయటికి వచ్చిన ఆ నీళ్లే అరటి తోటలకు పారుతాయి. మహానందితో కలిపి చుట్టుపక్కల ఉన్న తొమ్మిది నందులను నవనందులని పిలుస్తారు. కార్తీకంలో తొమ్మిదింటినీ ఒక్కరోజులో చుట్టి వచ్చే వారు ఇప్పటికీ ఉన్నారు.

ఈ అడవి చెంచులది. సాహిత్యం దృష్టితో చూస్తే నల్లమల ఇచ్చిన పెద్ద కానుక వారి ఇంటి ఆడపిల్ల కథే. నరసింహస్వామి చెంచు పిల్లను మనువాడాడన్న ఆ కథ సంస్కృత నాటకంలోకి, జానపదుల నోళ్లలోకి, వీధినాటకాల్లోకి వెళ్లింది. 1943లోనూ, మళ్లీ 1958లోనూ ‘చెంచులక్ష్మి’ పేరుతో తెలుగు తెరకెక్కింది. ఒక కొండజాతి తన దేవుడిని అల్లుడిగా చెప్పుకోవడం, అహోబల మఠంవారు కూడా ఆ చుట్టరికాన్ని ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు.

కుందూ ఒడ్డున

పటాల్లో కుందేరు అని ఉంటుంది, జనం కుందూ అంటారు. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ ఈ ఏరు. నంద్యాలను ఒరుసుకుంటూ దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. వేసవిలో సన్నబడుతుంది, వానలు కురిస్తే ఒడ్డు ఊళ్లను వణికిస్తుంది. ఈ లోయలో పంట ఉంది కాబట్టే ఊళ్లు నిలిచాయి. ఊళ్లు నిలిచాయి కాబట్టే కోటలు, గుడులు, మఠాలు వచ్చాయి. కవిని పోషించగల ప్రభువు ఎక్కడినుంచో ఊడిపడడు. వాడి వెనుక పండే నేల ఉండాలి.

రేనాటి రేగడిలో

రేనాడు అన్నది ఇప్పటి జిల్లా సరిహద్దులకు లొంగని పాత పేరు. నేటి కడప జిల్లాలో పెద్ద భాగం, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి పల్లెలు అందులోవే. దీన్ని ఏలిన రేనాటి చోళులకు తెలుగు చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. శాసనాలు సంస్కృతంలోనో ప్రాకృతంలోనో వేయించడం రివాజుగా ఉన్న రోజుల్లో వారు ప్రజలు మాట్లాడే తెలుగులో రాయించారు. ఎరికల్ ముత్తురాజు పేరున్న కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. మనకు దొరికిన తొలి పూర్తి తెలుగు శాసనంగా దాన్నే లెక్కిస్తారు. కలమళ్ల నేడు కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో ఉంది.

ఆ శాసనం కావ్యం కాదు. అయినా తెలుగు రాతకు మొదటి ఆధారం రేనాటి రాయి మీద ఉందన్న సంగతి ఈ వ్యాఖ్యానం మొత్తానికి పునాది. నన్నయకు దాదాపు అయిదు వందల ఏళ్ల ముందే ఈ సీమ పాలకులకు తెలుగు మీద నమ్మకం కుదిరింది.

ఆళ్లగడ్డ దాటి

నంద్యాల నుంచి అహోబలానికి బస్సెక్కిన వారికి దారిలో ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు పోతే కొండ. ఈ పట్నానికి శిల్పుల ఊరని పేరు. దారి పక్క కొట్టాల్లో ఉలి దెబ్బలు పొద్దున్నే మొదలవుతాయి. రాతి పొడి కమ్మిన చేతులతో పనివాడు ముందు బండ మీద గీత గీస్తాడు. తరువాత ముక్కు, కన్ను, పెదవి ఒక్కొక్కటీ రాతి లోపలినుంచి బయటికి తీస్తాడు. కన్ను తెరిచే పని చివర ఉంటుంది, దానికి పెద్ద స్థపతి వస్తాడు. గుడి విగ్రహాలూ, మహనీయుల విగ్రహాలూ ఇక్కడినుంచి దూర ప్రాంతాలకు వెళ్తాయి. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

సాహిత్య వ్యాఖ్యానంలో శిల్పుల ప్రస్తావన ఎందుకంటే, ఈ సీమలో దేవుడి రూపం రాతిలోనూ పద్యంలోనూ పక్కపక్కనే తయారైంది. స్తంభం చీల్చుకుని వచ్చే నరసింహుడిని నృసింహపురాణం రాసిన ఎర్రన పద్యంలో చూపాడు, శిల్పి బండలో చూపాడు. ఇద్దరూ తలెత్తి చూసింది ఆ ఒక్క కొండనే.

అహోబలేశ్వరుని సన్నిధిలో

దిగువ అహోబలం, ఎగువ అహోబలం అని క్షేత్రం రెండు భాగాలు. కొండల్లో, కోనల్లో స్వామివి తొమ్మిది రూపాలు: జ్వాల, అహోబల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులు. ఎగువన భవనాశిని పారుతుంది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని జనం నమ్మే ఉగ్రస్తంభం నిట్టనిలువుగా నిలిచి ఉంటుంది. తొమ్మిది గుళ్లూ చూడాలంటే రాళ్లెక్కాలి, వాగులు దాటాలి, అడవిలో నడవాలి.

పోషణ చరిత్ర కూడా పెద్దదే. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబలానికీ మెట్లు కట్టించాడు. శ్రీకృష్ణదేవరాయలు తన తూర్పు దండయాత్రల కాలంలో, 1515లో, స్వయంగా ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలూ, వరహాలూ, చాగలమర్రి సీమలో ఒక ఊరూ ఇచ్చినట్టు ఇక్కడి శాసనం చెబుతుంది. ఆ చాగలమర్రి నేటికీ ఆళ్లగడ్డ పక్కనే ఉన్న మండలం.

రాజులు వచ్చి వెళ్లారు. జనానికీ స్వామికీ ఉన్న సంబంధం పార్వేటలో కనిపిస్తుంది. కనుమనాడు జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో ఊళ్ల మీదికి బయల్దేరతారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన పల్లెల్లో తిరుగుతారు. ప్రతి ఊళ్లోనూ పల్లకి దిగడానికి ‘తెలుపు’ అనే చోటు ఉంటుంది. స్వామి వచ్చిన రోజున ఆ ఊరికి అదే పండగ. ఆడపిల్లలు పుట్టిళ్లకు వస్తారు, ఇంటింటా చుట్టాలు దిగుతారు. స్వామి తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికే తిరుగుతాడని, అత్తింటివారైన చెంచులను ముందు పిలుస్తాడని చెప్పుకుంటారు. ఆ తరువాత ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. గుడిలోని దేవుడు గడప దాటి మనిషి ఇంటికి రావడం ఇక్కడి మత జీవితానికి ప్రాణం. ఇక్కడ పుట్టిన సాహిత్యానికీ అదే ప్రాణం.

కవులు పాడారు

ముందు వచ్చిన వాడు తమిళ కవి తిరుమంగై ఆళ్వారు. తన పెరియ తిరుమొళిలో పది పాశురాలు ఈ కొండకు ఇచ్చాడు. ఆయన దీన్ని సింగవేళ్ కున్రం అన్నాడు. ఆయన చూపిన అహోబలం అందంగా తీర్చిన కొండ కాదు. సింహాలు ఏనుగు దంతాలు తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టి మొక్కే చోటు, దేవుళ్లకు తప్ప ఇతరులకు చేరరాని చోటు. ఇప్పటికీ పావన నరసింహుడి దారిలో నడిచిన వారికి ఆ వర్ణన అతిశయోక్తి అనిపించదు. ఆ పది పాశురాలతోనే అహోబలం నూట ఎనిమిది దివ్యదేశాల్లో చేరింది.

తెలుగులో ముందు చెప్పుకోవలసిన వాడు ఎర్రన. మహాభారతంలో అరణ్యపర్వ శేషాన్ని పూరించి కవిత్రయంలో మూడోవాడిగా నిలిచిన ఈ కవి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడు. హరివంశాన్ని ఆ రాజుకు అంకితమిచ్చాడు. నృసింహపురాణాన్ని మాత్రం రాజుకు ఇవ్వలేదు, అహోబల నరసింహుడికే ఇచ్చాడు. రాజు మెట్లనూ కవి కావ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ రాజు ఈ కొండకు మెట్లు కట్టించాడో ఆ రాజు కవే ఈ కొండ మీది దేవుడి కథను కావ్యం చేశాడు. రాజు మెట్లు భక్తుడి కాళ్లకు దారి చూపితే, కవి పద్యాలు మనసుకు దారి చూపాయి. తరువాతి ప్రబంధ కవులకు వర్ణనలో దారి వేసిన పుస్తకంగా కూడా నృసింహపురాణానికి పేరుంది. ఎర్రనను ప్రబంధ పరమేశ్వరుడని ఊరికే అనలేదు.

మూడోవాడు అన్నమయ్య, 1408 నుంచి 1503 వరకు బతికిన పదకవితా పితామహుడు. తాళ్లపాకలో పుట్టి తిరుమలలో పాడిన ఆయనకు చదువు చెప్పింది అహోబలమే. అహోబల మఠాన్ని స్థాపించిన ఆదివన్ శఠకోప యతి దగ్గర ఆయన వేదాంతం చదువుకున్నాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన జీవిత చరిత్ర చెబుతుంది. వేంకటేశ్వరుడి తరువాత అన్నమయ్య ఎక్కువ ప్రేమతో పాడిన దేవుళ్లలో నరసింహుడు ఒకడు. తొమ్మిది రూపాలనూ ఒకే పాటలో కొలిచాడు. ఉగ్రరూపాన్ని చెబుతూనే ఒళ్లో లక్ష్మిని కూర్చోబెట్టుకున్న చల్లని స్వామినీ చెప్పాడు. తిరుమల పాటల్లో వినిపించే వైష్ణవ తత్త్వం నల్లమలలో నేర్చుకున్న పాఠమని గుర్తుపెట్టుకుంటే ఆ పాటలు మరింత తెలిసొస్తాయి.

నాలుగోవాడు అల్లసాని పెద్దన. మనుచరిత్ర అవతారికలో ఆయన తన గురువు శఠకోప యతిని భక్తితో తలచుకున్నాడు. ఆంధ్ర కవితా పితామహుడి వెనుక కూడా శఠకోప నామం ఉందన్నమాట. ఆయన ఊరు కోకటం కడప జిల్లాలో, పెన్న వైపు ఉంది.

అయిదోవాడు మఠంలోని వాడే. అహోబల మఠం ఏడవ పీఠాధిపతి ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకం రాశాడు. అందులో కథానాయకుడు నరసింహుడు, నాయిక చెంచు కన్య. సన్యాసి రాసిన నాటకంలో అడవి పిల్ల పెళ్లికూతురైంది. నల్లమల గురించి ముందు చెప్పిన మాటకు ఇదే సాక్ష్యం.

నంద్యాల ప్రభువుకు

విజయనగరం చివరి వంశమైన ఆరవీటి వారిలో ఒక శాఖ నంద్యాలలో నిలిచింది. ఆరవీటి బుక్కరాజు సంతతి అది. ఆ శాఖలో పుట్టిన కృష్ణరాజు సూరన కాలపు ప్రభువు. కళాపూర్ణోదయానికి కృతిపతి, అంటే దాన్ని అంకితం అందుకున్నవాడు, ఆయనే. అవతారికలో సూరన ఆయన వంశాన్ని వివరంగా చెప్పాడు.

అవతారిక అంటే పొగడ్తల మూట అని పక్కన పెట్టేవారున్నారు. అది తొందరపాటు. రాసింది ఎవరు, అడిగింది ఎవరు, ఎక్కడ, ఏ వంశం, ఏ గురువు, ఏ దేవుడు అన్న సమాచారం మనకు దొరికేది అక్కడే. కృష్ణరాజు ఏ యుద్ధాలు గెలిచాడో నేడు గుర్తున్నవారు అరుదు. ఆయన పేరు ఎనిమిది ఆశ్వాసాల కావ్యం మొదట్లో ఉంది కాబట్టి నాలుగు వందల ఏళ్లు దాటినా మనం పలుకుతున్నాం. నంద్యాల కోట ఇవ్వలేని ఆయుష్షును నంద్యాల కవి ఇచ్చాడు.

కానాల సూరన

పింగళి సూరన 16వ శతాబ్దపు కవి. తండ్రి అమరన. పింగళి ఇంటిపేరు తూర్పు తీరం వైపు ఊరి నుంచి వచ్చినా, ఆయన బతుకు ఈ సీమలో సాగింది. నంద్యాల దగ్గరి కానాల ఆయన ఊరని సంప్రదాయం. ఆయన సమాధి అక్కడే ఉందనీ, కుమ్మరులు దానికి పూజ చేస్తారనీ వాడుక. పండితులకే కొరుకుడు పడని కవిగా పేరుపడ్డ వాడిని కుండలు చేసుకునే వారు తమ పెద్దగా కొలుస్తారన్న మాట విన్నప్పుడు, కవికి నిజమైన గౌరవం ఎక్కడ దక్కిందో తెలుస్తుంది.

సూరనను అష్టదిగ్గజాల్లో చేర్చి చెప్పడం అలవాటు. కానీ ఆయన రచనలు రాయల తరువాతి కాలానివి. ఆయన్ను నిలబెట్టింది హంపి కాదు, నంద్యాల వంటి చిన్న కొలువులు. 1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలింది, తెలుగు కావ్యం మాత్రం కూలలేదు. పెద్ద రాజధాని పోయాక కూడా సాహిత్యం బతకడానికి చిన్న ఊళ్లే కారణం.

ఆయనవి మూడు పెద్ద కావ్యాలు మిగిలాయి. రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణంగానూ భారతంగానూ చదువుకోవచ్చు. నాలుగు ఆశ్వాసాల పొడవునా రెండు కథలను ఒకే మాటలతో నడపడం కసరత్తు మాత్రమే కాదు, తెలుగు మాటకు ఎంత సత్తువ ఉందో చూపిన పరీక్ష. ఆకువీడు ప్రభువు పెదవేంకటాద్రి కోరితే రాసి, దాన్ని విరూపాక్షుడికి అంకితమిచ్చాడు. కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణరాజుకు ఇచ్చాడు. ప్రభావతీ ప్రద్యుమ్నం కన్నతండ్రికి ఇచ్చాడు. ఒకటి దేవుడికి, ఒకటి రాజుకు, ఒకటి నాన్నకు. ఒక మనిషి తన రుణాలు ఇంత సరిగ్గా తీర్చుకోవడం సాహిత్యంలో అరుదు.

కళాపూర్ణోదయం చెప్పాడు

ఈ వాక్యంలో అన్నింటికన్నా బరువైన పదం ఇదే. ఆ కాలపు కవులు పురాణం నుంచో భారతం నుంచో ఒక ముక్క తీసుకుని పెంచేవారు. సూరన కథనే కొత్తగా కల్పించాడు. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి ఆకాశంలో నలకూబరుడి విమానం చూడడంతో మొదలై, కథ నారదుడి సంగీత సాధన మీదుగా, శిష్యుడు మణికంధరుడి తపస్సు మీదుగా, మలయాళ దేశపు అమ్మవారి గుడి మీదుగా, కాశ్మీరపు శారదాలయం వరకు పోతుంది. ఒకరి రూపంలో ఇంకొకరు వస్తారు. అసలు రంభ, మాయా రంభ ఎదురెదురు పడతారు. నెలల పసిపాప మధురలాలస మెడలో మణి పడగానే గత జన్మ సంగతులు చెప్పుకొస్తుంది.

వీటన్నింటికీ కీలకం ఒకటే. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ అల్లి చెబుతాడు. సృష్టికర్త చెప్పిన మాట కనుక ఆ కల్పన భూమి మీద నిజంగా జరగక తప్పదు. అంటే మనం చదువుతున్న మనుషులందరూ ఎవరో ముందే చెప్పిన కథలో బతుకుతున్నారు. కథ చెప్పడమంటే సృష్టించడమే అన్న ఆలోచనను ఇంత దూరం తీసుకుపోయిన కావ్యం తెలుగులో మరొకటి లేదు. చదివేవాడికి మొదట తికమకగా ఉంటుంది. అయిదారు ఆశ్వాసాలు దాటాక ముడులు ఒక్కొక్కటే విడిపోతూ, మొదట్లో అనవసరం అనిపించిన చిన్న సంగతి కూడా చివర్లో తన చోటు చూపిస్తుంది.

దగ్గరగా చూడాలంటే సుగాత్రి, శాలీనుల కథ చాలు. శాలీనుడు ఇల్లరికం వచ్చిన అల్లుడు, బిడియస్తుడు. భార్య సుగాత్రిని తల్లి నగలతో, పూలతో, చీరలతో ఎంత సింగారించి గదిలోకి పంపినా అతడు చూపు తిప్పడు. ఊళ్లో మాటలు, ఇంట్లో చింత. అతడు చేసే పని ఒక్కటే, అమ్మవారి పూలతోట చూసుకోవడం. ఒకరోజు సుగాత్రి నగలు తీసేసి తోటలోకి వెళ్లి, అతడితో పాటు మట్టి పనికి దిగుతుంది. పని చేసి అలసిన ఆ మామూలు రూపం చూడగానే శాలీనుడి మనసు కరిగిపోతుంది. ప్రబంధాలంటే ఆడవాళ్ల నగల వర్ణనలేనని అనుకునే కాలంలో, నగ ఒంటి మీది బరువని, పనిలో కనిపించే మనిషే అందమని ఒక కవి కథగా చెప్పాడు. రేగడిలో దిగి కలుపు తీసే ఆడవాళ్లను చూసిన సీమ కవికి ఆ చూపు ఉండడంలో వింత లేదు.

ఈ విలువను ఆధునికులు కూడా గుర్తించారు. ప్రబంధాలను కఠినంగా విమర్శించిన కట్టమంచి రామలింగారెడ్డి తన ‘కవిత్వతత్త్వ విచారము’లో కళాపూర్ణోదయపు కథానిర్మాణాన్ని ఎత్తి చూపాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ‘ది సౌండ్ ఆఫ్ ది కిస్’ పేరుతో ఆ అనువాదాన్ని 2002లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. నవల అనదగిన రచన మన దేశంలో ఇంగ్లీషువారు రాకముందే పుట్టిందా అన్న చర్చలో ఇప్పుడు నంద్యాల కావ్యం పేరు వస్తుంది.

జనం నరసింహారెడ్డి పాట కట్టుకున్నారు

కొలువుల కవిత్వం ఒక వైపు, పొలాల కవిత్వం ఇంకో వైపు. ఆళ్లగడ్డకు దగ్గరి ఉయ్యాలవాడ పేరు చెబితే రేనాటి జనానికి ఇద్దరు గుర్తొస్తారు. మొదటివాడు పాలెగాడు నరసింహారెడ్డి. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం ఆయన కుటుంబానికి ఇచ్చే తవర్జీలో, అంటే భరణంలో, ఆయన వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువుల తవర్జీ ఆపారు, ఊరి కాపలాదార్లైన కట్టుబడులకున్న మాన్యాలు లాక్కోవడం మొదలుపెట్టారు. 1846 జులైలో ఆయన మనుషులతో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. నల్లమల అంచుల్లో కొన్ని నెలలు పోరాడి చివరికి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. జనం భయపడాలని ఆయన తలను అక్కడి కోటలో ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచారు.

జనం భయపడలేదు, పాట కట్టారు. యాచకులు ఇంటింటా పాడారు, కోలాటంలో పాడారు, నాట్లు వేస్తూ పాడారు. దొరల దస్తావేజుల్లో ఆయన బందిపోటు, రేనాటి పాటలో రాజు. పదేళ్ల తరువాత వచ్చిన 1857 తిరుగుబాటుకు దేశమంతా పేరుంది. దానికి ముందే జరిగిన ఈ పోరును బతికించినది ఏ చరిత్ర గ్రంథమూ కాదు, పాటే. ఆ పాటలోని పిలుపే 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ సినిమాకు పేరైంది.

రెండోవాడు బుడ్డా వెంగళరెడ్డి, ఆయనదీ ఉయ్యాలవాడే. 1866 కరువులో తన గాదెలు తెరిచి వేల మందికి రోజూ గంజి, సంగటి పెట్టించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. జనం ఆయన మీద పాట కట్టారు. ఒకే ఊళ్లో ఒకరు ప్రాణం ఇచ్చారు, ఒకరు అన్నం పెట్టారు. ఇద్దరి పాటలనూ, చరిత్రనూ సేకరించి పరిశోధించిన తంగిరాల వెంకట సుబ్బారావు తన పుస్తకానికి ‘రేనాటి సూర్యచంద్రులు’ అని పేరు పెట్టాడు. తెలుగు వీరగాథల మీద ఆయన చేసిన కృషి లేకపోతే ఈ పాటల్లో చాలా భాగం పాడిన వాళ్లతోనే పోయేది.

సూరన కావ్యానికి కృతిపతి ఉన్నాడు, ఈ పాటలకు లేడు. సూరన పద్యానికి కర్త పేరుంది, వీటికి లేదు. అయినా రెండూ ఒకే లోయ రచనలు. ఒకదాన్ని సాహిత్యమని, ఇంకొకదాన్ని జానపదమని వేరు చేసి చిన్నచూపు చూడడం సీమ చరిత్రకు అన్యాయం.

రాయలసీమ అన్న పేరు నంద్యాలలోనే

1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి ధారాదత్తం చేశాడు. అప్పటినుంచి వీటిని దత్తమండలాలు అన్నారు. ఎవరో ఇంకెవరికో ఇచ్చేసిన భూమి అన్న అవమానం ఆ పేరులోనే ఉంది. 1928 నవంబరు 17, 18 తేదీల్లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ జరిగింది. ఆ సభలో చిలుకూరి నారాయణరావు ఈ ప్రాంతాన్ని రాయలసీమ అని పిలవాలని సూచించాడు. సభ ఒప్పుకుంది. నారాయణరావు రాజకీయ నాయకుడు కాదు. భాషా చరిత్ర చదివిన పండితుడు, అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన అధ్యాపకుడు, పైగా ఉత్తరాంధ్రలో పుట్టినవాడు.

కోట్ల మంది నేడు తమదిగా చెప్పుకునే ప్రాంతం పేరు ఒక తెలుగు పండితుడి నోట, నంద్యాల సభలో పుట్టింది. ఈ సీమకు కొత్త గౌరవం ఇచ్చినది సైన్యం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు కాదు, సాహిత్యం తెలిసిన మనిషి సూచించిన మాట. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కానీ సాహిత్య పటంలో నంద్యాలకు పెద్ద చోటు అంతకుముందే ఉంది.

తాత్పర్యం

ఈ పదాలన్నీ కలిపి చదివితే తేలేది ఒకటి: ఇక్కడ సాహిత్యం ఊరి నుంచి పుట్టింది, ఊరి మీద నిలబడింది. ఎర్రనకు కొండ కావాల్సి వచ్చింది, అన్నమయ్యకు మఠం, సూరనకు నంద్యాల కొలువు, పాటకు ఉయ్యాలవాడ. ఆ ఊళ్ల పేర్లు తీసేస్తే ఆ పుస్తకాలు సగమే తెలుస్తాయి. ఆ పుస్తకాలు మరిచిపోతే ఆ ఊళ్ల చరిత్రలో మిగిలేది కక్షల లెక్కే.

ఇంగ్లండ్‌లో హావర్త్ అని ఒక చిన్న కొండ ఊరు ఉంది. బ్రాంటీ అక్కచెల్లెళ్లు అక్కడ ఉండి నవలలు రాశారు. వారి పేరున 1893లో సంఘం పెట్టుకున్నారు, 1928లో వారి ఇంటినే మ్యూజియం చేశారు. నంద్యాలలో రాయలసీమ పేరు పెట్టిన సంవత్సరం కూడా అదే. హావర్త్‌కు నేటికీ ప్రపంచమంతటినుంచీ పాఠకులు వెళ్తారు. వెళ్లేది రాళ్లు చూడడానికి కాదు, చదివిన పుస్తకం పుట్టిన చోటు చూడడానికి. ముందు చదువు ఉంది, తరువాతే యాత్ర.

మనకు యాత్ర ఉంది, చదువే తగ్గింది. అహోబలానికి ప్రతి ఏడూ లక్షల మంది వెళ్తున్నారు. వారిలో నృసింహపురాణం తెరిచినవారు ఎంతమంది? విగ్రహాలు, శిలాఫలకాలు పెట్టడం మంచిదే, ఆళ్లగడ్డ శిల్పుల చేతికి పని కూడా దొరుకుతుంది. అయితే కవికి అసలైన గుడి చదివే మనిషి నోరు. నంద్యాల జిల్లా బడుల్లో తెలుగు చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు ఏడాదికి ఒక్క పీరియడైనా సుగాత్రి, శాలీనుల కథ పిల్లలకు చెప్పాలి. నరసింహారెడ్డి పాట వచ్చిన ముసలివాళ్లు ఇంకా ఉన్న ఊళ్లలో ఇవాళే వెళ్లి, చేతిలోని ఫోన్‌లోనే రికార్డు చేసుకోవాలి. ఊరి గ్రంథాలయంలో కళాపూర్ణోదయం ప్రతి ఒకటి ఉందో లేదో అడగండి, లేకపోతే తెప్పించమని కోరండి. అది ఈ సీమ ఆస్తి, దాని హక్కుదార్లు ఇక్కడి పాఠకులే.